సంతకం మనదే
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీవితంలో పెద్ద నిర్ణయాలు తీసుకోవలసి వచ్చినప్పుడు ఎవరి విశ్వాసం వారికి ఏ విధంగా తోడ్పడిందో సభ్యులు ఒక్కొక్కరు చెప్పాలని కార్యవర్గం వారు కోరారు. ఈసారి నా వంతు. నేను క్రైస్తవుణ్ణి. మా తాతగారి కాలం నుంచి ఒంగోలు బాప్టిస్టు సంఘంలో ఉన్న కుటుంబం మాది. ఈ సభలో గుడికి వెళ్ళేవారున్నారు, మసీదుకు వెళ్ళేవారున్నారు, ఎక్కడికీ వెళ్ళనివారూ ఉన్నారు. ఎవరికీ బోధ చేయడానికి నిలబడలేదని ముందుగా మనవి చేస్తున్నాను. దేవుని నడిపింపు అని మేము చెప్పుకొనేది ఏమిటో, అది నాకు ఎలా అర్థమయిందో చెప్పి కూర్చుంటాను.

నేను 1973లో ఎల్.డి. క్లర్కుగా చేరి 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. ముప్పై అయిదేళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణి గనక పోలిక కూడా ఫైలులోంచే వస్తుంది, మన్నించండి. ఆఫీసులో పద్ధతి మనకందరికీ తెలుసు. క్రింద కూర్చున్న గుమాస్తా వచ్చిన కాగితాన్ని చదివి, పాత కాగితాలు వెతికి, రూలు చూసి, నోటు రాసి పైకి పెడతాడు. ఆఫీసరు చూసి నిర్ణయం రాస్తాడు. ఆ తరువాత డ్రాఫ్టు, ఆ తరువాత ఫెయిర్ కాపీ. కాని ఒక్కొక్కసారి ఇంకో పద్ధతి కూడా నడుస్తుంది. నిర్ణయం ముందే అయిపోతుంది, ఉత్తర్వు టైపు కూడా అయిపోతుంది, దానికి తగినట్లు నోటు వెనుక నుంచి వస్తుంది. సంతకం ఒక్కటే తక్కువ.

దేవుని చిత్తం తెలుసుకోవాలని ప్రార్థన చేసేటప్పుడు మనలో చాలామంది ఈ రెండో పద్ధతిలోనే వెళతారు. ఉత్తర్వు మనమే టైపు చేసుకొని సంతకం కోసం దేవుని ముందు పెడతాము. ఆయన ఆలస్యం చేస్తే రిమైండరు పంపుతాము. మా వాళ్ళలో ఒక మాట ఉంది. పెళ్ళి సంబంధం నచ్చకపోతే నచ్చలేదని చెప్పరు, "ప్రార్థన చేసి చెబుతామండి" అంటారు. ఆ మాట వినగానే అవతలివారు ఫోటో తిరిగి తీసుకుపోతారు. నచ్చిన సంబంధమయితే ప్రార్థన ఒక్క పూటలో పూర్తవుతుంది! ఇది నవ్వుకోవడానికి చెప్పినా, అసలు చిక్కంతా ఇందులోనే ఉంది. మన కోరికను దేవుని పేరుతో చెప్పుకోవడం సులువు. అప్పుడు ఇక ఎవరూ ప్రశ్నించలేరు, మన మనస్సాక్షితో సహా.

మరి తెలుసుకొనే మార్గం ఏమిటి? మా సంఘాలలో డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీస్తారు. కొత్త సంవత్సరమంతా ఆ వాక్యం పట్టుకొని నడుస్తారు. కొందరు కళ్ళు మూసుకొని బైబిలు తెరిచి ఎక్కడ వేలు పడితే అక్కడ చదువుతారు. కొందరు రెండు చీటీలు రాసి పసిపిల్లల చేత ఒకటి తీయిస్తారు. వీటిని నేను ఎగతాళి చేయను. మా అమ్మ వాగ్దానపు కార్డును ఏడాది పొడుగునా అద్దం వెనక దాచుకొనేది. బైబిలులోనే గిద్యోను అనేవాడు గొర్రె బొచ్చు కళ్ళంలో పరచి, ఒక రాత్రి బొచ్చు మాత్రమే తడవాలని, మరుసటి రాత్రి నేల మాత్రమే తడవాలని దేవుణ్ణి గుర్తు అడిగాడు. యూదా స్థానంలో పన్నెండో శిష్యుణ్ణి ఎంచుకోవలసి వచ్చినప్పుడు చీట్లు వేస్తే మత్తీయ పేరు వచ్చింది.

అయితే రెండు సంగతులు గమనించాలి. గిద్యోనుకు ఏం చేయాలో దేవుడు అప్పటికే చెప్పాడు. గుర్తు అడిగింది ధైర్యం చాలక. ఇక మత్తీయ విషయంలో, ముందుగా అర్హత ఏమిటో నిర్ణయించుకొని, అర్హులైన ఇద్దరిని నిలబెట్టి, ప్రార్థన చేసి ఆ తరువాత చీట్లు వేశారు. ఆ తరువాత అపొస్తలుల కార్యములలో శిష్యులు ఎన్నో చిక్కు ప్రశ్నలు తేల్చుకున్నారు గాని మళ్ళీ చీట్లు వేసినట్లు లేదు. కూర్చున్నారు, వాదించుకున్నారు, ఒకరి అనుభవం ఒకరు విన్నారు, ఒక మాటకు వచ్చి ఉత్తరం రాసి పంపారు. మన భాషలో చెప్పాలంటే సమావేశం జరిపి, తీర్మానం చేసి, ప్రొసీడింగ్సు పంపారు.

దీనికి మన ఊరి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. మన జిల్లా వారికి క్లౌ దొర పేరు కొత్త కాదు. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో అమెరికా నుంచి వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు. వచ్చిన తొలి రోజుల్లోనే ఆయనకు పెద్ద చిక్కు వచ్చింది. మాదిగ పల్లెల వారు బాప్తిస్మం కోరి వస్తున్నారు. వారిని చేర్చుకుంటే మేము రాము, మా పిల్లలను మీ బడికి పంపము అని పై కులాల వారు చెప్పారు. చదువుకున్నవారు, పలుకుబడి ఉన్నవారు ముందు వస్తే మిగిలినవారు వెనక వస్తారన్న ఆశ ఆ కాలపు మిషనరీలలో చాలామందికి ఉండేది. ఏం చేయాలి?

ఆయన ప్రార్థన చేసి, చేతికందిన బైబిలు తీస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం తెరుచుకుందట. లోకం బలహీనులనీ నీచులనీ తీసివేసినవారినే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు చెప్పే చోటు అది. ఆయన భార్య పక్క గదిలో విడిగా అదే భాగం చదివిందట. ఈ సంగతి ఆయన స్వయంగా చెప్పుకున్నదే. మాదిగలను చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

ఇది చదివి, చూశారా, బైబిలు తెరిస్తే జవాబు దొరికింది, మనమూ అలాగే తెరుద్దాం అనేవారున్నారు. నేను ఇంకో విధంగా చూస్తాను. ఆ పేజీ ఆయనకు కొత్త సంగతి ఏదీ చెప్పలేదు. పేదవాణ్ణి తోసివేసి గొప్పవాడి కోసం కాచుకొని కూర్చోవడం సువార్తకు విరుద్ధమని ఆయనకు ముందే తెలుసు. ఆ పేజీ ఇచ్చింది ధైర్యం. పైగా అది చూపిన దారి ఆయనకు లాభం తెచ్చిన దారి కాదు, నష్టం తెచ్చిన దారి. దేవుడు చెప్పాడని మనం అనుకొనేది ప్రతిసారీ మన సౌకర్యం వైపే ఉంటే కొంచెం అనుమానించాలి.

అదే మనిషి పదేళ్ళ తరువాత ఇంకో నిర్ణయం తీసుకున్నాడు. ఈసారి ఏ పేజీ తెరుచుకున్నట్లు చెప్పుకోలేదు. 1876 నుంచి 1878 వరకు మన ప్రాంతంలో ఘోరమైన కరవు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. నేర్చిన సర్వే పని అప్పుడు అక్కరకొచ్చింది. ఆ కూలీలలో ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వనన్నాడు. కూలి, గింజలు తన చేతిలో ఉండగా బాప్తిస్మం ఇస్తే మనుషులు దేవుని కోసం వస్తున్నారో గంజి కోసం వస్తున్నారో వారికీ తెలియదు, తనకూ తెలియదు. పదిహేను నెలలు ఆపాడు. కరవు తగ్గి సహాయం అవసరం తీరిపోయాక కూడా అడిగినవారికి ఇచ్చాడు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

అంకె పెద్దదని అందరూ దాన్నే చెప్పుకుంటారు. నన్ను అడిగితే ఆ పదిహేను నెలల ఆగడమే గొప్పది. గుర్తు లేదు, కల లేదు. తన చేతిలో ఉన్న అధికారం ఎదుటివాడి మనసును ఎలా వంచుతుందో తెలిసిన మనిషి, ఆ అధికారం తొలగేవరకు ఆగాడు. ఒక నిర్ణయంలో గుర్తు ఉంది, ఒక దానిలో లేదు. రెండూ నాకు దేవుని నడిపింపుగానే కనిపిస్తాయి.

మన ఉద్యోగస్థులకు బాగా దగ్గరగా ఉండేవాడు బైబిలులో ఒకడున్నాడు, నెహెమ్యా. పారసీక రాజు అర్తహషస్త కొలువులో పానదాయకుడు, అంటే అచ్చంగా ప్రభుత్వోద్యోగి. యెరూషలేము గోడలు కూలిపోయి ఉన్నాయన్న వార్త వినగానే ఉద్యోగం వదిలి పరుగెత్తలేదు. కిస్లేవు నెలలో విన్నాడు, నీసాను నెలలో రాజుతో మాట్లాడాడు. ఆ మధ్య నాలుగు నెలలు ప్రార్థన. నీకేం కావాలని రాజు అడిగిన క్షణంలో మనసులో ఒక్క ప్రార్థన చేసుకొని జవాబు చెప్పాడు. ఆ జవాబు చూడండి. సెలవు ఎన్నాళ్ళో గడువు చెప్పాడు. దారిలో ఉన్న అధికారులకు ఉత్తరాలు అడిగాడు. రాజు అడవి చూసే ఆసాపుకు కలప ఇవ్వమని ప్రత్యేకంగా ఉత్తరం అడిగాడు. అంటే నాలుగు నెలలు ఏడుస్తూ కూర్చోలేదు, ఇండెంటు తయారు చేసుకున్నాడు! ఊరు చేరాక మూడు రోజులాగి, రాత్రిపూట కొద్దిమందితో వెళ్ళి గోడ ఎక్కడెక్కడ పడిందో కళ్ళతో చూశాడు. ఆ తరువాతే పదిమందికీ చెప్పాడు. 52 రోజుల్లో గోడ లేచింది. ప్రార్థన వేరు, లెక్క చూసుకోవడం వేరు అని అతడు అనుకోలేదు. వివరాలు కనుక్కోకుండా మోకాళ్ళ మీద ఉండడం భక్తి అని నేను కూడా అనుకోను.

ఇక చాలా ఇళ్ళలో బాధ పెట్టే సంగతి ఒకటుంది. "మీ విషయం దేవుడు నాతో మాట్లాడాడు" అని ఇంకొకరు వచ్చి చెప్పడం. చెప్పేవారు చెడ్డవారు కారు, ప్రేమతోనే చెబుతారు. పౌలు యెరూషలేముకు వెళుతుండగా కైసరయలో అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టు తీసుకొని తన కాళ్ళూ చేతులూ కట్టుకొని, ఈ నడికట్టు గలవాణ్ణి అక్కడ ఇలా కడతారని చెప్పాడు. అక్కడున్న వారంతా వెళ్ళవద్దని ఏడ్చారు. పౌలు వెళ్ళాడు. అగబు చెప్పింది జరిగింది. కాని దాని అర్థం "వెళ్ళవద్దు" అని మిగిలినవారు అనుకున్నారు, "సిద్ధపడి వెళ్ళు" అని పౌలు అనుకున్నాడు. ఒకే మాట విని భక్తిపరులే రెండు విధాలుగా అర్థం చేసుకున్నారు. చివరికి వాళ్ళు ఊరుకొని, ప్రభువు చిత్తానికి వదిలేశారు. వెళ్ళవలసినది పౌలు కాబట్టి నిర్ణయం పౌలుదే.

మా ఇంట్లో జరిగినది చెబుతాను. 2016లో మా ఇంటావిడకు రెండు మూత్రపిండాలూ పనిచేయడం తగ్గిపోయింది. వారానికి మూడుసార్లు డయాలిసిస్, ఒక్కో విడతకు నాలుగు గంటలు అన్నారు డాక్టరు గారు. ఆ వారంలోనే మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఉపవాస ప్రార్థన చేసి వచ్చింది. దేవుడు స్వస్థత చూపించాడు, మిషను ఎక్కితే నమ్మకం లేనట్లే అవుతుంది అంది. మంచి మనిషి, మా పిల్లల్ని ఎత్తుకు పెంచింది. నాకు నోట మాట రాలేదు. మంచంలో ఉన్న మా ఆవిడే చెప్పింది. "అక్కా, దేవుడు నీకు చెప్పిన మాట నాక్కూడా చెప్పేదాకా ఆగుదాం. ఈలోగా డాక్టరు చెప్పింది చేస్తాను. బాగుచేయాలనుకుంటే ఆయనకు మిషను అడ్డమా?" పెద్దావిడ కళ్ళు తుడుచుకొని, నీ ఇష్టమమ్మా అని తల నిమిరింది. తరువాత ఎన్నోసార్లు ఆసుపత్రికి క్యారియరు తెచ్చింది కూడా ఆవిడే.

అప్పుడే ఇంకో నిర్ణయం. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి తన దగ్గరకు వచ్చేయమన్నాడు. పెద్ద ఆసుపత్రులు, అంతా దగ్గర. మేమిద్దరం ఒక తెల్ల కాగితం మధ్యలో గీత గీసి, వెళితే ఏమిటి, ఉంటే ఏమిటి అని రెండు వైపులా రాశాం. రాసేటప్పుడు నా మనసు హైదరాబాదు వైపు ఉందని కూడా రాశాను, భయం వల్ల అని పక్కనే రాశాను. ఆవిడ తన వైపు ఒక్క మాట రాయించింది. ఇక్కడయితే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళుంటారు అని. ఆ కాగితం ముందు పెట్టుకొని పది రోజులు ప్రార్థన చేశాం. ఆకాశవాణి ఏదీ వినిపించలేదు. పదకొండో రోజు ఆవిడ ఒంగోలులోనే ఉందామంది, నేను సరే అన్నాను. అబ్బాయికి ఇద్దరం కలిసి ఫోను చేశాం. ఒకరి మీద ఒకరు పెట్టలేదు, దేవుడి మీదా పెట్టలేదు.

నాలుగేళ్ళు డయాలిసిస్ మీద ఉండి 2020లో ఆమె ప్రభువునందు నిద్రించింది. స్వస్థత కోసం నేను చేసిన ప్రార్థనకు నేను కోరిన జవాబు రాలేదు. ఆ సంగతి దాచి పెద్ద మాటలు చెప్పలేను. కాని ఆ నాలుగేళ్ళలో ఏ రోజు చేయవలసిన పని ఆ రోజు కనిపించింది. ఆటో మాట్లాడాలి, ఉప్పు లేకుండా కూర వండాలి, నీళ్ళు కొలిచి ఇవ్వాలి. దీపం ముందు నాలుగడుగులే చూపిస్తుంది, కాని ఆ నాలుగడుగులు వేస్తే మరో నాలుగు కనిపిస్తాయి. నడిపింపు అనే మాటకు నాకు తెలిసిన అర్థం అది.

ఇప్పుడు మన వయసులో ఉన్న నిర్ణయాల సంగతి. ఉద్యోగంలో చేరేటప్పటి కంటే మనకిప్పుడే బరువైన నిర్ణయాలున్నాయి. ఇల్లు అమ్మి పిల్లలకు పంచాలా? ఉన్నది ఒకరి పేర రాయాలా? ఊరు వదలాలా? ఆపరేషను చేయించుకోవాలా? ఇటువంటివి దేవుని ముందు పెట్టేవారు కొన్ని సంగతులు తెలుసుకొని మరీ పెట్టాలని నా మనవి.

ఇల్లు పిల్లలకు రాసి ఇచ్చేవారు, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకోండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను కింద, ఆ షరతు తప్పినప్పుడు దస్తావేజు చెల్లదని ప్రకటించమని ట్రిబ్యునలును అడగవచ్చు. షరతు రాయకపోతే తరువాత నిరూపించడం కష్టమవుతుంది. షరతు రాయించడం పిల్లల మీద అపనమ్మకం కాదు. వీలునామాకు సాధారణంగా కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. క్రైస్తవ మిత్రులు ఇంకొకటి గమనించాలి. మనకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, సాక్షి సంతకం చేసినవారికి గాని, వారి భార్యకు గాని భర్తకు గాని ఆ వీలునామాలో రాసిన ఆస్తి చెల్లదు. అందుచేత ఆస్తి ఇవ్వదలచిన కొడుకు చేతనో కోడలి చేతనో సాక్షి సంతకం పెట్టించకండి. ఇవి చట్టం సంగతులే గాని, తెలుసుకోకుండా దేవుడా నడిపించు అనడం, కరెంటు కాగితాలు చదవకుండా నోటు రాయడం వంటిది.

నేను ఏ నిర్ణయానికైనా నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. ఒకటి, నేను కోరుకొనేది ఏమిటో దాచకుండా దేవునికి చెప్పానా? రెండు, తెలుసుకోవలసింది తెలుసుకున్నానా, నా మాట కాదనగలిగిన ఒక్కరినైనా అడిగానా? మూడు, దీనివల్ల నష్టపోయే మనిషి ఎవరు, అతని ఎదురుగా నిలబడి ఇదే మాట చెప్పగలనా? నాలుగు, ఫలితం నేననుకున్నట్లు రాకపోతే, నేనే చేశాను అని చెప్పుకోగలనా?

నాలుగోది కష్టమైనది. ఫలితం బాగుంటే దేవుడు నడిపించాడని, బాగా లేకపోతే దేవుని చిత్తమని చెప్పి తప్పుకోవడం మనకు అలవాటు. దేవుడు మనకు బుద్ధిని ఇచ్చాడు, పెద్దలనూ స్నేహితులనూ ఇచ్చాడు, తన వాక్యాన్ని ఇచ్చాడు. ఇవన్నీ ఇచ్చి నోటు మన చేత రాయిస్తాడు, పక్కన నిలబడతాడు. నిర్ణయం క్రింద సంతకం మాత్రం మన చేతే పెట్టిస్తాడు. కూలివాడిలా కాక కొడుకులా చూస్తున్నాడు గనకనే అలా చేస్తాడని నా నమ్మకం.

మీ మీ దైవాన్ని మీరు ఏ పేరుతో పిలిచినా, పెద్ద నిర్ణయం ముందున్నవారు ఎవరైనా ఒక తెల్ల కాగితం, మధ్యలో ఒక గీతతో ప్రారంభించి చూడండి. రాయడానికి చేయి వణికేవారుంటే కబురు చేయండి, వచ్చి రాసిపెడతాను. ఆ పని నాకు బాగా అలవాటు.